చేయి కదలనిచో దోషము చేతిదేనా?

గతమాసమున ఈ శీర్షికయందు రక్తప్రసరణమును గూర్చి వ్రాసియుంటిమి. ఈ మాసమున మన కాలుసేతులు మన యిచ్ఛకు లోబడి యెట్లు కదలుచున్నవో విచారింపదలచితిమి. ఇది వైద్యులకు మాత్రమే కావలసిన విద్య యని తలపవలదు. పక్షవాతముతో మంచమెక్కిన మామగారికి గంజి త్రాగించునదియు, కాలు చచ్చుబడిన బిడ్డను చంకనెత్తుకొని తిరుగునదియు ఇల్లాలే కదా! రోగ మెచ్చట నున్నదో యెఱుంగక చేయు శుశ్రూష చీకటిలో బియ్యమునందలి రాళ్లేరుట వంటిది.

నీటిబిందె నెత్తవలెనని మనకు తోచిన దనుకొందము. ఆ తలంపు కార్యరూపము దాల్చుటకు ఇద్దరు వార్తాహరులు కావలెను. రాజధానినుండి వెడలిన రాజాజ్ఞను ఒకడు కోటవరకు తెచ్చును. కోటలో కాచుకొనియున్న రెండవవాడు దానిని గ్రామమునకు చేర్చును. మన దేహమున రాజధాని మెదడు, కోట వెన్నుపాము, గ్రామము కండరము. ఈ వార్తాహరులకు చాలక నాడీకణములని శాస్త్రజ్ఞులు పేరిడిరి.

మొదటి కణము మెదడు పైపొరలో నుండును. 1870లో ఫ్రిచ్, హిట్జిగ్ అను ఇద్దరు జర్మను వైద్యులు కుక్క మెదడుపై స్వల్పముగ విద్యుత్తును ప్రసరింపజేసి, ఒకచోట తాకిన ముందుకాలును, వేఱొకచోట తాకిన వెనుకకాలును కదలుట కనుగొనిరి. అవయవముల నడపు స్థానములు మెదడునందు వేఱువేఱుగ నున్నవని నాటినుండి స్థిరపడినది. ఆ స్థానములనుండి బయలుదేరిన నాడీతంతువులు క్రిందికి దిగి, మెదడు అడుగుభాగమున దాదాపు పదింట తొమ్మిది వంతులు రెండవ ప్రక్కకు దాటును. కావుననే ఎడమ మెదడు చెడినచో కుడి కాలుసేతులు పడిపోవును. మన పెద్దలు ఈ వ్యాధికి పక్షవాత మని పేరిడుట గమనింపదగినది. పక్ష మనగా ప్రక్క. దేహము సగమునకు సగముగ చెడుటను వారు చక్కగా గుర్తించిరి.

వెన్నుపాము చిటికెనవ్రేలి మందమున, సుమారు 45 సెంటీమీటర్ల నిడివి గలిగి, వెన్నెముకలో భద్రముగ నుండును. దానినుండి 31 జతల నరములు వెడలును. దాని ముందుభాగమున రెండవ చాలక కణములు వరుసలు తీరియుండును. కణము కంటికి కానరానంత చిన్నదైనను, దాని తంతువు వెన్నునుండి కాలివ్రేళ్లవరకు ఒక మీటరు పొడవు సాగుట కలదు. ఆజ్ఞ ఆ తంతువుపై సెకనుకు సుమారు 50 మీటర్ల వేగమున పరుగిడి, కండరమును చేరి, అచ్చట అసిటైల్‌కోలిన్ అను ద్రవ్యమును విడిచిపెట్టును. అంతట కండరము ముడుచుకొనును.

ఒక్కొక్క కణమునకు వశమైన కండరపు పోగులు అన్నిచోట్ల సమానముగ లేవు. కంటిని త్రిప్పు కండరములలో ఒక కణమునకు పది పోగులకు అటునిటు మాత్రమే వశమై యుండును. పిక్కలోనో, వేయికి మించియుండును. కావుననే కన్ను సూదిబెజ్జమును విడువక చూడగలదు, పిక్క బిందె బరువును మోయగలదు. బరువెత్తునపుడు ముందు చిన్న కణములు మేల్కొనును, చాలనిచో పెద్దవి తోడ్పడును. నిండుబిందె యనుకొని ఖాళీబిందె నెత్తినచో అది గభాలున పైకి లేచుట మీరెఱిగినదే. మెదడు నిండుబిందెకు దగిన ఆజ్ఞనే ముందుగ పంపియుండుట అందులకు కారణము.

ఇక ముఖ్యవిషయమునకు వత్తము. రెండవ వార్తాహరుడు రాజాజ్ఞకొఱకే కాచుకొని కూర్చుండువాడు కాడు. కాలిన పెనము చేతికి తగిలినచో, మెదడునకు ఆ వార్త చేరి మంట తెలియుటకు ముందే వెన్నుపాము చేతిని వెనుకకు లాగించును. ఇట్టి స్వయంచేష్టలను శ్రద్ధతో పరిశోధించిన ఆంగ్లేయుడు షెరింగ్టన్ 1932లో నోబెల్ బహుమానమును పొందెను. మెదడునుండి గాని, వెన్నునుండి గాని, వేఱెచ్చటినుండి గాని ఏ ఆజ్ఞ వచ్చినను, తుదకు ఈ రెండవ కణము ద్వారముననే కండరమును చేరవలెనని ఆయన చాటెను. మెదడు ఈ కణమునకు పని చెప్పుటయే కాక దానిని అదుపున కూడ నుంచుచున్నది.

ఇపుడు ఇరువురిలో ఒక్కొక్కడు లేకపోయిన నేమగునో చూతము. రెండవవాడు చచ్చినచో గ్రామమునకు ఏ ఆజ్ఞయు చేరదు. కండరము మెత్తబడి, వ్రేలాడి, దినక్రమమున సన్నగిల్లును. మొదటివాడు చచ్చినచో రెండవవాడు బ్రదికియే యుండును గాని వానికి అదుపు తప్పును. అంతట అవయవము కాలక్రమమున బిగిసికొనిపోవును. బలహీనత రెండింటను కలదు, కాని ఒకటి మెత్తనిది, రెండవది బిగిసినది. ఈ రెండింటికిని మన దేశమునందే ఉదాహరణములున్నవి.

మొదటిది పోలియో. మలముచే చెడిన నీటిద్వారా నోటిలో ప్రవేశించు ఈ విషక్రిమి, సోకినవారిలో కొలదిమందియందు మాత్రము వెన్నుపాములోని రెండవ కణములను చంపును. బిడ్డ కాలు మెత్తబడి సన్నగిల్లును. స్పర్శజ్ఞానము గాని బుద్ధి గాని చెడదు. చచ్చిన కణము మరల పుట్టదు గాన, రాకుండ కాపాడుకొనుటయే మార్గము. మన దేశమున 1995లో పల్స్ పోలియో కార్యక్రమ మారంభమైనది. సహజమైన పోలియో క్రిమివలన కలిగిన కడపటి రోగము 2011 జనవరిలో వంగదేశమున కనబడినది. 2014 మార్చి 27న మన దేశము పోలియోరహితమని ధ్రువపఱుపబడినది. బిడ్డలను చంకనెత్తుకొని చుక్కలమందు కొఱకు వరుసలలో నిలిచిన తల్లుల పాలు ఈ విజయమున తక్కువ కాదు. వ్యాధి లోకమునుండి సమూలముగ తొలగలేదు గాన, ఆ చుక్కలను, సూదిమందును ఇంకను మానరాదు.

రెండవది కేసరిపప్పువలన కలుగు రోగము. వానలు లేనపుడును పండు పంట గాన కఱవుకాలమున బీదల కిదియే ఆధారమైనది. 1829 మొదలు వరుసగ పంటలు చెడగా, మధ్యభారతమున సాగరు ప్రాంతపు జనులు దీనినే తిని జీవించిరి. తరువాత యువకులు పెక్కురకు నడుము క్రిందిభాగము స్వాధీనము తప్పినదని స్లీమన్ అను ఆంగ్లాధికారి 1844లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. 1964లో బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు రావు, అడిగ, శర్మ గారలు అందలి విషద్రవ్యమును వేఱుపఱచిరి. నెలల తరబడి ఈ పప్పే ముఖ్యాహారమైనచో, కాళ్లకు ఆజ్ఞ తెచ్చు మొదటి కణములు చెడును. కాళ్లు బిగిసి, ఒకదాని కొకటి అడ్డుపడి, మునివ్రేళ్లపై నడువవలసి వచ్చును. కందిపప్పునందును సెనగపిండియందును దీనిని కల్తీ చేయుట కలదు గాన, అంగడిలో కోసుగా కోణములు దేరిన బద్దలు కనబడినచో విడిచిపెట్టుడు.

ఏ కణము చెడినదో వైద్యుడు తెలిసికొను ఉపాయ మొకటి కడు చిత్రమైనది. 1896లో పారిసునందు బాబిన్‌స్కీ అను వైద్యుడు దీనిని వెల్లడించెను. అరికాలి వెలుపలి అంచున మొద్దుకొనతో గీసినచో పెద్దల కాలి బొటనవ్రేలు క్రిందికి వంగును. మొదటి కణపు మార్గము చెడినచో పైకి లేచును. పసిబిడ్డకు మాత్రము పైకి లేచుటయే సహజము. మెదడునుండి దిగు ఆ మార్గము బిడ్డకింకను పక్వము కాలేదు. ఆ తంతువులపై క్రొవ్వుపొర క్రమక్రమముగ ఏర్పడుచు రాగా, బిడ్డ మెడ నిలుపును, కూర్చుండును, నడచును. పొరుగింటి బిడ్డకన్న నెల వెనుకబడిన మాత్రమున కోడలిని నిందించు అత్తగారు ఈ మాట చెవినిడవలెను. ఏడాదిన్నర దాటినను బిడ్డ నడువనిచో మాత్రము వైద్యునికి చూపవలెను.

తుదకు పక్షవాతపు మాట. మెదడులోని రక్తనాళము పూడుకొనుటవలన గాని పగులుటవలన గాని మొదటి కణములు చెడుటయే ఈ వ్యాధి. మూతి వంకరపోవుట, ఎత్తిన చేయి జాఱిపోవుట, మాట ముద్దగుట అను మూడింటిలో ఒక్కటి అకస్మాత్తుగ కనబడినను గడియారము చూచి వేళను గుర్తుంచుకొనుడు. నాళము పూడుకొన్నదైనచో గడ్డను కరగించు సూదిమందు నాలుగున్నర గంటలలోపల ఈయవలెను. పగిలినదైనచో ఆ మందే హాని చేయును. ఏది జరిగినదో తల స్కానుతో చిత్రము తీసిననే గాని తెలియదు. కావున పసరులకును, కొన్నియెడల పూయించు పావురపు నెత్తురునకును, చుట్టముల ఆలోచనలకును ఆ గంటలను ధారవోయక 108 బండిని పిలువుడు. మ్రింగుశక్తి చెడియుండును గాన నోట నీరైనను పోయకుడు.

ఈ రోగియొక్క చేయి మొదట మెత్తగ నుండి, కొన్ని దినములకో వారములకో బిగియును. అది బలము వచ్చుట యని భ్రమింపరాదు, మొండితన మని కసరనురాదు. అదుపు తప్పిన రెండవ కణము చేయు పని అది. పడిపోయిన చేతిని పట్టి లాగి లేవనెత్తకుడు, భుజము కీలు చెడును. వైద్యుడు చూపిన రీతిని కదలించుచు, రోగిచేతనే మాటిమాటికి కదలింపజేయుడు. మిగిలిన మెదడు కొంతవఱకు క్రొత్తదారులు నేర్చుకొనగలదు. ఆ నేర్పునకు నెలలు పట్టును. నూనె మర్దనము చేయుట తప్పు కాదు. రోగము చేతిలోనే యున్నదని నమ్మి మెదడును మఱచుటయే తప్పు.