ముందు కల్చర్, తర్వాత ఇంజెక్షన్

మా అన్నయ్యకు పదిహేనేళ్లుగా షుగర్. నిరుడు వరి కోతలప్పుడు కాలి బొటనవేలికి కొయ్యకాలు గుచ్చుకుంది. వేలు వాచి చీము పట్టిందని, ఆసుపత్రిలో చేర్చామని ఫోనొస్తే వెళ్లాను. అప్పటికి తొమ్మిది రోజులు. మూడు యాంటీబయాటిక్‌లు మార్చారు. మొదట సెఫ్ట్రియాక్సోన్, దానికి తగ్గలేదని ఇంకోటి, దానికీ తగ్గలేదని అంతకన్నా పెద్దది.

"చీము కల్చర్‌కు పంపారా సార్?" అని డ్యూటీ డాక్టర్ని అడిగాను.

"ఇక్కడ కల్చర్ చేయరండీ. బయటికి పంపితే రిపోర్టుకు మూడు రోజులు. అప్పటిదాకా మందు ఇవ్వకుండా ఉండలేం కదా" అన్నాడా అబ్బాయి. మర్యాదగానే చెప్పాడు. రాత్రంతా మేలుకుని ఉన్నాడేమో, కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మందు ఆపమని ఎవరూ అనరు. మొదటి ఇంజెక్షన్‌కు ముందు చీము తీసి ల్యాబ్‌కు పంపాలి, అక్కడ అందులోని సూక్ష్మజీవిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూస్తారు, రిపోర్టు వచ్చాక మందు మార్చుకోవాలి. అంతే. ఆ పని జరగనందుకు తొమ్మిది రోజులు గుడ్డిగా గడిచాయి.

నేను ఆర్మీ మెడికల్ కోర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి సుబేదారుగా రిటైరైనవాణ్ణి. "ఇక్కడ కుదరదు" అన్న మాట నాకు మింగుడు పడదు. ఎందుకంటే నేను దక్షిణ సూడాన్‌లో మలకాల్‌లో పనిచేశాను. ఐక్యరాజ్యసమితి శాంతిసేన కోసం మన సైన్యం అక్కడ ఆసుపత్రి నడుపుతుంది. తెల్ల నైలు ఒడ్డున ఊరు, చుట్టూ మన నల్లరేగడి లాంటి నేల. వానాకాలంలో బండి చక్రం కదలదు, ఎండాకాలంలో అదే మట్టి పొడై గాలిలో తేలుతుంది. ఆ పొడి సూక్ష్మజీవుల్ని పెంచే ప్లేటు మీద పడిందంటే తెల్లారేసరికి మనకు కావలసిన సూక్ష్మజీవి కన్నా ముందు మట్టిలోది మొలిచి కూర్చుంటుంది. అందుకే తడిగుడ్డతో బల్ల తుడిచి, తలుపు మూసి, ఫ్యాను ఆపి, చెమటలు కారుతూనే ప్లేట్లు పోసేవాళ్లం.

ఇంక్యుబేటర్ 37 డిగ్రీల దగ్గర నిలబడాలి. దానికి వేడెక్కించడమే తెలుసు, చల్లార్చడం రాదు. బయట 40 దాటితే లోపలి జీవులు ఉడికిపోతాయి. ఉన్న ఒక్క ఏసీ గదిలో ఓ మూల దానికి చోటు ఇప్పించుకోవడానికి వారం రోజులు అందరి చుట్టూ తిరిగాను. ఆటోక్లేవ్ మొరాయించిన రోజు వంటశాల నుంచి పెద్ద ప్రెషర్ కుక్కర్ తెచ్చి ప్లేట్లలో పోసే అగార్ మరిగించాం. 15 పౌన్ల ఒత్తిడికి 121 డిగ్రీలు వస్తే చాలు, పాత్ర ఏదైనా ఫరవాలేదు. న్యుమోకాకస్ లాంటివి పెరగాలంటే కాస్త కార్బన్ డయాక్సైడ్ కావాలి. గాజు జాడీలో ప్లేట్లు పేర్చి, కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తే, అది ఆరిపోయేసరికి సరిపడా తయారవుతుంది. యాంటీబయాటిక్ డిస్కులు మాత్రం చలిపెట్టెలో హెలికాప్టర్ మీద రావలసిందే. జనరేటర్ ఆగితే అందరూ దీపాల కోసం చూస్తే నేను ఫ్రిజ్ వైపు పరుగెత్తేవాణ్ణి.

అక్కడ జ్వరమంటే అందరి మాటా మలేరియానే. ఒక జవానుకు రెండుసార్లు స్లైడు చూసినా పరాన్నజీవి కనబడలేదు. మందు పడకముందే రక్తం తీసి కల్చర్ సీసాలో వేశాం. రెండో రోజుకు సీసా మబ్బుగా మారింది. టైఫాయిడ్. అందరూ మొదట రాసే సిప్రోఫ్లాక్సాసిన్ డిస్కు చుట్టూ సూక్ష్మజీవి ప్లేటు నిండా పెరిగింది, సెఫ్ట్రియాక్సోన్ చుట్టూ మాత్రం విశాలంగా ఖాళీ వలయం, అంటే ఆ మందుకు లొంగుతుందన్నమాట. సర్జన్లూ ఫిజీషియన్లూ పొద్దున్నే ల్యాబ్‌కు వచ్చి ఆ ప్లేటు తామే పట్టుకుని చూసేవారు. వలయాన్ని స్కేలుతో కొలిచి ఇన్ని మిల్లీమీటర్లు అని చెప్పేదాకా కదిలేవారు కాదు. పరికరాలన్నిటికన్నా నాకు ఎక్కువ బలమిచ్చింది అదే.

ఇంకో సంగతి ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. కల్చర్ లేని ఆసుపత్రికి తాను పంచుతున్న జబ్బు తనకే తెలియదు. నేను పనిచేసిన మరోచోట (పేరు వద్దు) ముగ్గురి గాయాల్లో ఒకేలాంటి పచ్చటి చీము. ప్లేటు తెరవగానే ద్రాక్షపండ్ల వాసన. స్యూడోమోనాస్ అని ముక్కే చెప్పేసింది. సింకు, ట్రాలీ, బకెట్ అన్నీ తుడిచి కల్చర్ పెట్టాను. చివరికి అది దొరికింది గాయాలు కడిగే యాంటీసెప్టిక్ సీసాలో. ఖాళీ అవుతున్నకొద్దీ సీసా కడగకుండా పైనుంచి నీళ్లూ మందూ కలిపి పోస్తూ వచ్చారు. పలచబడిన మందులో ఆ సూక్ష్మజీవి హాయిగా బతుకుతుంది. శుభ్రం చేస్తున్నామనుకుంటూ నర్సింగ్ పిల్లలు ప్రతి పూటా దాన్నే గాయంలో పోశారు. ఆ సంగతి విన్నాక వాళ్లలో ఒకమ్మాయి ఏడ్చింది.

పెద్ద సైన్యాలకూ ఇదే జరిగింది. 2003 తర్వాత ఇరాక్‌లో గాయపడ్డ అమెరికా సైనికుల్లో అసినెటోబాక్టర్ అనే మొండి సూక్ష్మజీవి విపరీతంగా కనబడింది. ఇరాక్ మట్టే గాయాల్లోకి చేరిందని చాలామంది అనుకున్నారు. 2007లో వెలువడిన పరిశోధనలో ఏడు ఫీల్డ్ ఆసుపత్రుల్లో నమూనాలు తీస్తే ఏడింటి పరిసరాల్లోనూ అది ఉంది, మట్టిలో దాదాపు లేదు.

ల్యాబ్ పెట్టమంటే డబ్బులేవి, మనుషులేరి అంటారు. 1897 ఆగస్టులో సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా జీవిని పట్టుకున్న సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ చేతిలో ఉన్నది చెమటకు మరలు తుప్పుపట్టిన సూక్ష్మదర్శిని. ఈ రోజు మన నూరు పడకల ఏరియా ఆసుపత్రికి కావలసింది ఒక గది, ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్, సేఫ్టీ క్యాబినెట్, ఆగని కరెంటు, కల్చర్ పనిలో తర్ఫీదైన ఇద్దరు టెక్నీషియన్లు. అనుమానం వస్తే ప్లేటు ఫొటో చూసి ఫోన్లో చెప్పడానికి దగ్గరి మెడికల్ కాలేజీలో ఒక మైక్రోబయాలజిస్టు. ల్యాబ్‌లను బలపరచాలని యాంటీబయాటిక్ నిరోధకతపై 2017 నాటి జాతీయ కార్యాచరణ ప్రణాళికలోనే ఉంది. దాన్ని నమూనా తీసే మంచం దాకా తీసుకురావాలి. రక్తంలో ఇన్ఫెక్షన్ అనుమానమున్న ఏ రోగికైనా మొదటి డోసుకు ముందు రెండు కల్చర్ సీసాలు నింపాలన్న నియమం పెట్టాలి. ఆ వార్డులో ఏ సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతోందో ఒక కాగితం గోడకు అతికించాలి. రాత్రి డ్యూటీలో ఒంటరిగా ఉన్న ఆ కుర్ర డాక్టరుకు అదే దారి చూపిస్తుంది.

అన్నయ్య వేలు తీసేశారు. అయినా పుండు మానలేదు. ఈసారి గాయం బాగా కడిగాక లోపలి నుంచి చిన్న ముక్క తీయమని డాక్టర్ని బతిమాలాను. పైపైన దూదితో తుడిస్తే చర్మం మీది చెత్తంతా వస్తుంది. ఆ ట్యూబు జేబులో పెట్టుకుని బస్సెక్కి మెడికల్ కాలేజీకి నేనే తీసుకెళ్లాను. మూడో రోజు రిపోర్టు వచ్చింది. ఎంఆర్ఎస్ఏ, చాలా యాంటీబయాటిక్‌లకు లొంగని సూక్ష్మజీవి. అప్పటిదాకా ఎక్కించిన మూడు ఇంజెక్షన్లలో ఒక్కటీ దానికి పనికిరాదు. డాక్సీసైక్లిన్‌కు లొంగుతుందని రాసుంది. ఆ మాత్రలు మొదటి రోజు నుంచీ ఆ ఆసుపత్రి మందుల గదిలోనే ఉన్నాయి.