బండి మనది, తాళం ఎవరిది?

పాత కార్లు, ఆటోలు అమ్మే షెడ్ల దగ్గర ఇప్పుడు ఒకటే మాట: 'బ్యాంకుతో పని లేదు, ఫైనాన్స్ మేమే ఇస్తం'. జీతం చీటీ లేని ఆటో డ్రైవర్‌కు, నౌకరీ దొరకక బండి నడుపుకుందామనుకున్న పోరగానికి బ్యాంకు తలుపు తెరవదు. అందుకే షెడ్డుకు పోతాడు. అతని అవసరాన్ని మేం తప్పు పట్టడం లేదు. ఆ అవసరం మీద నడిచే దందానే ప్రశ్నిస్తున్నాం.

మొదటి మోసం లెక్కలో ఉంది. లక్ష అప్పు, మూడేండ్లు, 12 శాతం 'ఫ్లాట్' వడ్డీ అంటారు. నెలకు 3,778 రూపాయల కిస్తీ. తీరిన అసలు మీద కూడా చివరిదాకా వడ్డీ గుంజుతారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే అది సుమారు 21 శాతం! రిజర్వ్ బ్యాంకు నియంత్రణలోని సంస్థలు అసలైన వార్షిక వడ్డీని ముందే రాసివ్వాలన్న నిబంధన 2024 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. సొంత పైసలు తిప్పే షెడ్డు యజమానికి అది వర్తించదు.

రెండో మోసం సంతకంలో ఉంది. ఖాళీ ఫారం 29, 30 మీద సంతకాలు, ఖాళీ చెక్కులు తీసుకుంటారు. ఆర్సీ బీరువాలో పెడతారు. రెండు కిస్తీలు తప్పితే రాత్రికి రాత్రే బండి మాయం. అదే బండి మళ్లీ ఇంకొకరికి. గూండాలతో బండ్లు గుంజుకోవద్దని సుప్రీంకోర్టు 2007లో, మళ్లీ 2011లో చెప్పింది. షెడ్డు దాకా ఆ మాట చేరలేదు.

చట్టాలు లేవా? ఉన్నాయి. పాత బండ్ల డీలర్లు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలని 2022 డిసెంబర్‌లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. అవి 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. కానీ వాటిలో వడ్డీ ఊసే లేదు. వడ్డీ వ్యాపారికి లైసెన్సు ఉండాలని నిజాం కాలపు 1349 ఫసలీ చట్టం చెప్తున్నది. అందులో బండి ఊసు లేదు. అమ్మేవాడు, అప్పిచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు ఈ రెంటి నడుమ కొనేవాడు నలుగుతున్నాడు.

మేం అడిగేది కొండంత కాదు. వడ్డీ లైసెన్సు చూపనిదే డీలర్‌కు అధికార పత్రం ఇవ్వొద్దు. అసలు వడ్డీ ఎంతో తెలుగులో, ఉర్దూలో రాసివ్వాలి. ఖాళీ సంతకం తీసుకుంటే నేరంగా చూడాలి. నోటీసు లేకుండా బండి ముట్టొద్దు.

ఉద్యోగ మిత్రులకు ఒక మాట. దోస్తు కోసం జమానతు సంతకం చేస్తే మొత్తం బాకీకి మీరూ బాధ్యులే. కాగితం చదవనిదే కలం తీయకండి. విద్యార్థి మిత్రులారా, మీ బస్తీలో మోసపోయినవారిని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు తోల్కపోండి. బండి ధర 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. 1915కు ఫోన్ చేయించండి. ఒక్కడు అడిగితే షెడ్డు వాడు కసురుకుంటాడు. బస్తీ అంతా అడిగితే లెక్క చూపక తప్పదు.