కదలకుండా ఉంటేనే కడుపు నిండేది

ఫ్రాగ్‌ఫిష్‌కు ఈత అంతగా చేతకాదు. చేప అన్నాక ఇది కాస్త విడ్డూరమే. పొలుసుల్లేని ముద్దలాంటి ఒళ్లు. ఈ కుటుంబంలోని 50 దాకా జాతుల్లో ఎక్కువ భాగం సముద్రపుటడుగునే అంటిపెట్టుకుని, రెక్కల మీద నడుస్తూ కాలక్షేపం చేస్తాయి. స్పాంజి పక్కన స్పాంజిలా, రాయి మీద రాయిలా కలిసిపోతాయి. అలాగని ఊసరవెల్లితో పోల్చలేం. రంగు మార్చుకోవడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది.

వేట పద్ధతి అచ్చంగా జాలరిదే. వీపు రెక్కలోని మొదటి ముల్లు గాలం కర్రగా మారి తలపైకి వచ్చింది. దాని కొసన రొయ్యనో పురుగునో తలపించే ఎర. ఎవరైనా దాన్ని కొరుక్కుపోతే మళ్లీ మొలుస్తుంది. ఆశపడి దగ్గరికొచ్చిన చేప కథ 6 మిల్లీసెకన్లలో ముగుస్తుంది. నోరు ఒక్కసారిగా 12 రెట్ల దాకా విచ్చుకోవడంతో నీటితోపాటు అదీ లోపలికి పోతుంది. రెప్పపాటు కూడా దీని ముందు సుదీర్ఘమే. తనంత చేపనూ మింగేస్తుంది, సొంత జాతినైనా వదలదు.

ఇలా కదలకుండా కూర్చునే అలవాటే దాన్ని కెమెరాలకు తార చేసింది. ఇండోనేసియాలోని సులవేసి దీవి పక్కన లెంబే జలసంధిలో పగడపు అందాలు తక్కువ, నల్ల ఇసుక ఎక్కువ. అయినా ఫ్రాగ్‌ఫిష్ లాంటి వింత జీవుల కోసం డైవర్లు బారులు తీరతారు. ఈ 'మక్ డైవింగ్' ఇండోనేసియా, ఫిలిప్పీన్స్‌లలో ఏటా 15 కోట్ల డాలర్లకు పైగా వ్యాపారమని 2017లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. సైన్సుకూ దీనివల్ల మేలు జరిగింది. అంబోన్ రేవులో 2008లో డైవర్ల కంటబడిన చారల చేపను మరుసటి ఏడాది టెడ్ పీట్ష్ బృందం కొత్త జాతిగా ప్రకటించింది. గాలం వేయడం మానేసి, రాళ్ల సందుల్లో దూరుతూ, బంతిలా గెంతే ఈ ఘటానికి పెట్టిన పేరు హిస్టియోఫ్రైన్ సైకెడెలికా.

కానీ మంచి ఫోటో కోసం చేపను కర్రతో పొడిచి జరిపే గైడ్లూ ఉన్నారు. టిప్పు ఇచ్చేది పర్యాటకుడే మరి. చాలామంది ఫ్లాష్ వెలుగునే తప్పుబడతారు. అడుగున బతికే చేపలపై 2019లో వెలువడిన పరిశోధన మాత్రం ఫ్లాష్ కన్నా చేయి పెట్టడమే వాటిని ఎక్కువగా బెదరగొడుతోందని తేల్చింది. రోజుల తరబడి పరిసరాల రంగు పులుముకున్న జీవిని పక్కకు నెడితే దానికి ముసుగూ పోతుంది, మాటు వేసిన చోటూ పోతుంది. పారిపోదామంటే ఈత రాదాయె.