ట్యాంకు బాగుచేసే చేతికి ఏ పట్టా ఇస్తున్నాం?

సైన్యంలో యంత్రాల మరమ్మతు చూసే ఈఎంఈ విభాగపు సికింద్రాబాద్ కేంద్రంలో తర్ఫీదు పొందిన జవాను ట్యాంకు ఇంజిను విప్పి, లోపం పట్టి, మళ్లీ బిగించగలడు. విశాఖలోని నౌకాదళ కేంద్రం ఐఎన్‌ఎస్ ఏకశిలలో నేర్చుకున్న నావికుడికి యుద్ధనౌక గ్యాస్ టర్బైన్ కొట్టినపిండి. వీరిలో చాలామంది నలభైకి అటూ ఇటుగా ఇంటికి వచ్చేస్తారు. పని చేతిలో ఉంటుంది, దాన్ని చూపించే సాంకేతిక పట్టా ఉండదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయం సైనికులకు ఇస్తున్న బీఏ (హెచ్‌ఆర్‌ఎం) ఎందరికో ఆసరా అయింది. పదిహేనేళ్ల సర్వీసున్న మెట్రిక్ మాజీ సైనికుణ్ణి గ్రూప్-సి కొలువులకు డిగ్రీ ఉన్నవాడితో సమానంగా చూసే కేంద్ర నిబంధనా ఉంది. సాంకేతిక అర్హత అడిగే ఉద్యోగాలకు మాత్రం అది వర్తించదు. అతని పనితనం అక్కరకొచ్చే చోటే తలుపు మూశాం.

ఒకప్పుడు కాలేజీకి వెళ్లకుండా ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పెట్టే ఏఎంఐఈ పరీక్ష రాసి ఇంజినీరు కాగలిగేవారు. 2013 మే 31 తర్వాత పేరు నమోదు చేసుకున్నవారికి ఆ పరీక్షకు బీటెక్‌తో సమాన గుర్తింపు లేదు. దూరవిద్యలో కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు ఇచ్చిన ఇంజినీరింగ్ పట్టాలను 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2001-05లో చేరినవారి పట్టాలను నిలిపివేసింది, ఆ తర్వాత చేరినవారివి రద్దు చేసింది. ఆ తీర్పు సరైనదే. ప్రయోగశాల మొహం చూడకుండా ఇంజినీరు కావడం కుదరదు.

అయితే సైనికుడి సంగతి వేరు. అతను రోజూ పనిచేసేది వర్క్‌షాపులోనే. అతనికి కొరవడింది లెక్కలు, ఉష్ణగతిశాస్త్రం, డిజైను. వీటిని దూరవిద్యలో చెప్పవచ్చు. అమెరికాలో 'ఇంజినీరింగ్ టెక్నాలజీ' అనే ఆచరణ ప్రధానమైన డిగ్రీని ఇంజినీరింగ్ నుంచి వేరుచేసి గుర్తిస్తారు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎక్సెల్సియర్ విశ్వవిద్యాలయం నౌకాదళ రియాక్టర్ శిక్షణను క్రెడిట్లుగా లెక్కగట్టి, మిగతా పాఠాలు ఆన్‌లైన్‌లో చెప్పి అణు ఇంజినీరింగ్ టెక్నాలజీ పట్టా ఇస్తోంది.

మనకూ పునాది లేకపోలేదు. నాలుగేళ్ల కాలానికి సైన్యంలో చేరే అగ్నివీరుల కోసం సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో రూపొందించిన డిగ్రీలో సగం క్రెడిట్లు సైనిక శిక్షణవే. అదే సూత్రాన్ని సాంకేతిక పట్టాకు విస్తరించాలి. దానికి బీటెక్ అని పేరు పెట్టనక్కర్లేదు, పెట్టకూడదు కూడా. పరీక్షల్లో జాలి మార్కులు వద్దు. జవాను అడిగేది దయ కాదు. ప్రయోగ పరీక్ష యూనిట్ వర్క్‌షాపులోనే పెట్టినా, మార్కులు వేయాల్సింది బయటి అధ్యాపకులు. నెట్ అందని సరిహద్దు శిబిరాలకు పాఠాలు అచ్చులో పంపాలి. బదిలీ అయినా, సెలవు రద్దయినా సంవత్సరం పోకూడదు.

సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ, రక్షణ శాఖ కలిసి కూర్చుని త్వరగా తేల్చాల్సిన విషయమిది. 2022 చివర్లో శిక్షణకు చేరిన తొలి అగ్నివీరులకు నాలుగేళ్ల గడువు 2026 చివరికి నిండుతుంది. నాలుగింట మూడు వంతుల మంది ఇంటిదారి పట్టాల్సిందే.