జవాబు కూడా ఒక అమానతే

కొన్ని మాసాల క్రితం మా పూర్వ విద్యార్థి ఒకరు పురానాపూల్ వద్ద ఎదురయ్యారు. సలాము చెప్పి, కుశలం అడిగి, చివరకు కాస్త సంకోచంగా అన్నారు: "హజ్రత్, మీకు ఒక ఈమెయిల్ పంపాను. బహుశా మీరు చూసి ఉండరు."

ఇంటికి వెళ్లి వెతికాము. బట్టల దుకాణాల ప్రకటనలు, బ్యాంకు సూచనలు, ఎవరెవరో పంపిన ఆఫర్ల అడుగున ఆ లేఖ ఉంది. పై చదువుకు దరఖాస్తు చేస్తున్నానని, తన నడవడికను ధ్రువీకరిస్తూ తజ్కియా పత్రం ఇవ్వమని కోరారు. గడువు ముగిసి పదకొండు రోజులైంది. ఫోను చేసి క్షమాపణ అడిగితే, "నసీబులో లేదు హజ్రత్" అన్నారు. ఆ మాట ఆయన మంచితనం. మా నిర్లక్ష్యాన్ని నసీబు మీద నెట్టే హక్కు మాత్రం మాకు లేదు.

సలాము చేసినవారికి అంతకంటే మేలైన రీతిలో, లేదా కనీసం అదే రీతిలో బదులివ్వాలని దివ్య ఖుర్ఆన్‌లోని అన్నిసా సూరా 86వ ఆయతు బోధిస్తుంది. సలాముకు బదులివ్వడం ఎలా బాధ్యతో, ఉత్తరానికి జవాబివ్వడం కూడా అలాగే బాధ్యత అని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) భావించేవారు. ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ 'అల్ అదబుల్ ముఫ్రద్' గ్రంథంలో ఈ విషయాన్ని పొందుపరిచారు. కాగితం పోయి తెర వచ్చినంత మాత్రాన ఆ బాధ్యత తొలగిపోదు.

లేఖలను క్రమపద్ధతిలో ఉంచుకోవడం మనకు కొత్త విద్య కాదు. హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో తేదీ లేని లేఖల వల్ల చిక్కులు వస్తున్నాయని హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) తెలియజేశారు. సహాబాలతో సంప్రదింపులు జరిగాయి. ఆ విధంగా హిజ్రీ శకం ఏర్పడింది. నేడు మన ఇళ్ల గోడలపై వేలాడే ఇస్లామీ క్యాలెండరుకు మూలం ఉత్తరాల నిర్వహణలో ఎదురైన ఒక ఇబ్బందే!

మా విద్యార్థి ఎదురైన ఆ వంతెనను ఇబ్రహీం కుతుబ్ షా 1578లో కట్టించాడు. దానికి 22 కమానులు. 1908 సెప్టెంబరులో మూసీకి వచ్చిన మహా వరద నగరాన్ని ముంచెత్తింది. ఆ తరువాత పాలకులు వంతెనల మరమ్మతుతో సరిపెట్టుకోలేదు. నీటిని ఎగువనే ఆపేందుకు 1920లో ఉస్మాన్ సాగర్‌ను, 1927లో హిమాయత్ సాగర్‌ను పూర్తి చేశారు. మెయిల్ పెట్టెకూ ఇదే ఉపాయం: ముందు ఎగువన కట్ట వేయాలి.

మేము ఇప్పుడు పాటిస్తున్న పద్ధతిని పాఠకుల ముందుంచుతున్నాము. తెలిసిన దుకాణాలు, సంస్థలు పంపే ప్రకటనలను వాటి అడుగున ఉండే 'అన్‌సబ్‌స్క్రైబ్' నొక్కి ఆపివేశాము. అపరిచితుల మెయిళ్లలో దేనినీ నొక్కకుండా వాటిని స్పామ్‌లోకి పంపుతున్నాము. జీమెయిల్ స్పామ్‌లోని ఉత్తరాలు 30 రోజులకు వాటంతటవే చెరిగిపోతాయి. పొరపాటున అక్కడికి చేరిన మంచి ఉత్తరం పోకుండా ప్రతి జుమా నాడు ఒకసారి చూస్తున్నాము.

జుహర్ తరువాత కొంతసేపు, ఇషా తరువాత కొంతసేపు మాత్రమే మెయిల్ తెరుస్తాము. తెరిచిన ఉత్తరాన్ని అలాగే వదిలివేయము. వెంటనే జవాబివ్వడమో, అక్కరలేనిదైతే తొలగించడమో, సమయం పట్టే పనైతే డైరీలో గడువు తేదీ రాసుకోవడమో చేస్తాము. అటువంటి వారికి "మీ లేఖ అందింది, ఇన్షాఅల్లాహ్ ఫలానా రోజులోగా బదులిస్తాము" అని ఒక్క వాక్యం పంపుతాము. ఎదురుచూసేవారి మనసుకు ఆ ఒక్క వాక్యమే ఎంతో ఊరట.

తల్లిదండ్రులకు మరో మనవి. మన ఇళ్లలో చాలామంది మెయిల్ ఖాతాలను పాస్‌పోర్టు కోసమో, స్కాలర్‌షిప్ కోసమో నెట్ సెంటరువారు తెరిచి ఇచ్చారు. పాస్‌వర్డు వారి దగ్గరే ఉండిపోతుంది. దైవప్రవక్త (సఅసం) ఆదేశంపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపిని సుమారు పదిహేను రోజుల్లో నేర్చుకున్నారు. ఉత్తర ప్రత్యుత్తరాల కోసం ఇతరులపై ఆధారపడవలసిన అవసరం లేకుండా పోయింది. మనమూ మన పిల్లల వద్ద కూర్చుని ఈ కాస్త నేర్చుకుందాం, పాస్‌వర్డు మార్చుకుందాం. రెండేళ్లు వాడకుండా వదిలేసిన ఖాతాను గూగుల్ తొలగించే అవకాశం ఉందని కూడా గుర్తుంచుకుందాం.

ఆ విద్యార్థి మళ్లీ దరఖాస్తు చేస్తానన్నారు. ఈసారి ఆయన అడగకముందే తజ్కియా పత్రం రాసి పంపాము. పోయిన సంవత్సరాన్ని మాత్రం తిరిగి ఇవ్వలేకపోయాము.

మనపై నమ్మకంతో రాసినవారి హక్కును సకాలంలో నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.