కోరలు పీకిన కమిటీలు

పార్లమెంటరీ కమిటీల అధికారాలకు హద్దులుండాలా? ఉండాలి. అయితే ఆ హద్దులు ఎవరిని కాపాడటానికన్నదే అసలు ప్రశ్న. అమెరికాలో కాంగ్రెసు కమిటీలు పౌరుల రాజకీయ విశ్వాసాలను నడివీధికి ఈడ్చిన రోజుల్లో, 1957లో, వాట్కిన్స్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు, బయటపెట్టడం కోసమే బయటపెట్టే అధికారం కాంగ్రెసుకు లేదన్నది. ఆ హద్దు పౌరునికి అండ. మన హద్దులు సర్కారుకు అండ.

అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లానే చూడండి. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకాలు వేశారు. వారిలో హాస్టళ్లలో చదువుకొనే గిరిజన పిల్లలెందరో. నడిపింది పాత్ అనే అమెరికా సంస్థ. తోడు నిలిచింది భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం. కొందరు బాలికలు మరణించాక, 2010లో ఆపివేశారు. మరణాలకు టీకా కారణమని ప్రభుత్వ విచారణలో తేలలేదు. సరే, మరి అనుమతి మాటేమిటి? 2013 ఆగస్టులో ఆరోగ్యశాఖ స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఆ లెక్క తేల్చింది. ఆంధ్రలో 9,543 అనుమతి పత్రాలలో 1,948 వేలిముద్రలు, 2,763 హాస్టలు వార్డెన్ల సంతకాలు! కన్నవారి హక్కును వార్డెన్లు తీసికొన్నారన్నమాట.

సంఘం కఠినంగానే వ్రాసింది. వ్రాసి ఏం చేయగలదు? నియమాల ప్రకారం దాని నివేదిక సలహా మాత్రమే. దైనందిన పరిపాలన జోలికి అది పోరాదు. పత్రాలు అడిగితే, రాజ్య ప్రయోజనాలకు భంగమంటూ ప్రభుత్వం నిరాకరించవచ్చు. తనిఖీకి వచ్చినవాడికి బీరువా తాళంచెవి ఇవ్వాలో వద్దో ఇంటిదొంగే నిర్ణయిస్తాడు!

2018లో కల్పనా మెహతా కేసులో రాజ్యాంగ ధర్మాసనం, ఇటువంటి నివేదికలను కోర్టులు చూడవచ్చునన్నది. మేలే. కాని మన్యం తల్లులలో ఢిల్లీ కోర్టు మెట్లెక్కగలవారెందరు?

కమిటీలకు బలమిస్తే పరిపాలన కుంటుపడుతుందని పెద్దలంటారు. శిక్షించే అధికారం మనమడగటం లేదు. అది కోర్టుల పని. పత్రాలు దాచే హక్కు ప్రభుత్వానికి ఉండరాదు. సిఫారసును కాదంటే, సభలో కారణం చెప్పి ఓటుకు పెట్టాలి. ఈపాటి కోరిక కూడా అతిశయమేనా? ఆ 2,763 సంతకాలకు జవాబు చెప్పించలేని సభ, ప్రజల పేర మాట్లాడే హక్కును తన చేతులారా పోగొట్టుకొంటుంది.