సాయంకాలపు బడి ఎవరి పూచీ?

సర్కారు బడిలో చివరి గంట మ్రోగిన పిమ్మట పిల్లల చదువు ఎవరి పూచీ? చదువుకొన్న తల్లిదండ్రుల ఇంట ఈ ప్రశ్నయే పుట్టదు. మండీలో మూటలు మోసి, వేరుసెనగ చేలలో కూలికి పోయి వచ్చువారి ఇంట పుస్తకము తెరచి చూపువారెవరు? 2011 జనాభా లెక్కల ప్రకారము మన జిల్లాలో అక్షరాస్యత సుమారు 64 శాతము. స్త్రీలలో 54 శాతమే.

దీనికి తోడు కరవు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. వేరుసెనగ ఊడలు దిగువేళ అదియు మొగము చాటువేసినచో పంట పోవును. ఇంటివారు బెంగుళూరు దారి పట్టుదురు. బిడ్డ అవ్వ దగ్గరనో, నానీ దగ్గరనో మిగులును; లేదా తల్లిదండ్రుల వెంట పోయి, రెండు నెలల తరువాత వచ్చి వెనుక బల్లపై కూర్చుండును. పాఠము అర్థము కాదు, అడుగుటకు సిగ్గు. బడి మానుట ఒక్కనాటి పని కాదు. అది ఆ వెనుక బల్లపైననే మొదలగును.

ఈ సంగతిని మన జిల్లాలో ముందుగా గ్రహించినవారిలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఒకటి. 1969లో అనంతపురము చేరిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన ఈ సంస్థ, దళితవాడలలో సర్కారు బడి వేళలకు ముందు వెనుకల పిల్లలను కూర్చుండబెట్టి చదివించు అనుబంధ పాఠశాలలను నడిపినది. అందులో మమ్ము ఆకర్షించినది ధనము కాదు, గ్రామస్థుల పాత్ర. అదే వాడలో నివసించు పంతులుకు ఏ పిల్లవాడు రాలేదో, ఎందుకు రాలేదో ఇట్టే తెలియును. 2025లో ఆ సంస్థకు విదేశీ విరాళముల అనుమతి ప్రశ్నార్థకమైనప్పుడు జిల్లా ప్రజలు వీధులకెక్కిరి. దూరపు ధనము ఎంత మంచిదైనను ఎన్నడో ఒకనాడు ఆగవచ్చును. వాడవారు తాము వేసికొన్న చందాకు ఆ భయము లేదు.

మన మొహల్లాల మాట. ఉర్దూ మాధ్యమపు బాలిక నేర్చిన ‘ముసల్లస్’ పై తరగతిలో త్రిభుజముగనో, ట్రయాంగిల్‌గనో మారును. తెలివి తక్కువై కాదు, పేరు మారి ఆమె తడబడును. ఆ గడప దాటి వచ్చినవారు మన కళాశాలలోనే ఉన్నారు; వారిని మించిన ఉపాధ్యాయులు ఎక్కడ దొరకుదురు? ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులు ఏడాదికి 120 గంటలు సేవ చేయవలెను. ఎండిపోవు మొక్కలను ఏటేట నాటుటకంటె ఆ గంటలు ఇట వెచ్చించుట మేలని మా అభిప్రాయము.

ఇది ప్రభుత్వపు పని గదా యని కొందరు పెద్దలందురు. నిజమే. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్లు చెప్పరాదన్నది, మంచిదే. కాని సాయంకాలము ఖాళీగనే యున్నది. పగటి బడి లోపములను కప్పిపుచ్చుటకు సాయంకాలపు బడి పెట్టరాదు; దానిని నడుపు పెద్దలు పగటి బడికిని పోయి నిలదీయవలెను.

వేళ విషయములో జాగ్రత్త వలయును. అసర్ తరువాత పెక్కుమంది పిల్లలు ఖురాన్ పఠనమునకు పోవుదురు గనుక మగ్రిబ్, ఇషాల నడుమ కాలమే అనుకూలము. అయితే చీకటి పడిన పిమ్మట బాలికలను ఎవరు పంపుదురు? వారికి ఆ వీధిలోనే ఒక ఇంటి వసారాలో, ఒక సోదరి పర్యవేక్షణలో వేరుగా ఏర్పాటు చేయవలెను. లేకున్న ముందుగా రాలిపోవువారు వారే. రుసుము స్వల్పమైనను ప్రతి ఇంటినుండి తీసికొనవలెను. ఇచ్చిన తల్లికి పంతులును ప్రశ్నించు హక్కు కలుగును.

కళాశాల కమిటీవారిని మేము కోరునది పెద్ద నిధి కాదు: గ్రంథాలయములోని పాత పాఠ్యపుస్తకములు, ఒక నల్లబల్ల, విద్యార్థుల గంటలకు ఎన్.ఎస్.ఎస్. లెక్కలో చోటు. పరీక్షల భయము పుట్టిన ఫిబ్రవరిలో కాక, బడులు తెరచు జూన్ మాసముననే వీనిని ఇప్పించవలెను.